ఊరంతా పాడాలి!

గోదావరి గట్టున రామదాసు కీర్తనలు, అడవి గూడేల్లో రేల పాటలు... భద్రాచలం సీమలో పాటంటే పదిమందీ కలిసి పాడుకునేదే. ఈ నేల మీద ఆదివారం పూట క్యాథలిక్ చర్చిల్లో ఆరాధనను ముందుండి నడిపించాల్సిన గాయక బృందాలు కూడా నేర్చుకోవాల్సింది ఆ విద్యే. తమ గొంతు బాగుంటే చాలదు, పక్కవాళ్ల గొంతు విప్పించాలి!

కొత్తగూడెంలో రైలు దిగగానే బోర్డు మీద ‘భద్రాచలం రోడ్’ అని కనిపిస్తుంది. ఊరొచ్చేసిందని కొత్తవాళ్లు సంబరపడతారు. అసలు ఊరికి అక్కణ్నుంచి ఇంకా 40 కిలోమీటర్లు. బస్సెక్కి పాల్వంచ దాటి, సారపాక కాగితం మిల్లు కూడా దాటితే అప్పుడు కనిపిస్తుంది గోదావరి. 1965లో ప్రారంభమైన వంతెన మీదికి బస్సు ఎక్కగానే సగం మంది ప్రయాణికులు కిటికీలోంచి దణ్నం పెడతారు. అవతలి ఒడ్డున రామయ్య కొలువు.

ఈ ఊరికి పాటను ఇచ్చి వెళ్లినవాడు కంచర్ల గోపన్న. 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారు. గోల్కొండ ఖైదులో ఉండి రాముణ్ని వేడుకున్న భక్త రామదాసుగా తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆ తర్వాత గుంటూరు సీమ నుంచి తూము నరసింహదాసు వచ్చి ఇక్కడి భజన సేవకు మళ్లీ ప్రాణం పోశాడు. భజన గోష్ఠిలో ముందు ఒకరు ఎత్తుకుంటారు, వెనక అందరూ అందుకుంటారు. చదువు రానివాడికీ పల్లవి నోటికొచ్చేస్తుంది. ‘బాగా పాడాడు’ అనిపించుకోవడం కన్నా ‘అందరిచేతా పాడించాడు’ అనిపించుకోవడమే అక్కడ గొప్ప.

దుమ్ముగూడెం దారి పట్టి అడవిలోకి వెళ్తే పాట మారుతుంది గానీ పద్ధతి మారదు. కోయ ఆడపిల్లలు ఒకరి నడుం మీద ఒకరు చేతులు వేసుకుని వరసగా నిలబడి రేల పాట అందుకుంటారు. ఒక జట్టు పాడితే రెండో జట్టు బదులు పాడుతుంది. ‘మేం పాడతాం, మీరు వినండి’ అనే మాట గూడెంలో వినపడదు. పాడేవాళ్లు వేరు, వినేవాళ్లు వేరు కానే కాదు.

మరి చర్చిలో?

కచేరీ అయిపోతే కష్టం

ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని క్యాథలిక్కులకు 1988లో ప్రత్యేకంగా ఖమ్మం మేత్రాసనం ఏర్పడింది. ఒక బిషప్పు పరిధిలో ఉండే ప్రాంతాన్ని మేత్రాసనం అంటారు. అందులో ఒక్కో ఫాదర్ చూసుకునే భాగం విచారణ. అడవి అంచున విచారణ అంటే ఒక చర్చి, దాని చుట్టూ దూరదూరంగా విసిరేసినట్టుండే పల్లెలు.

1960ల దాకా ప్రపంచమంతటా క్యాథలిక్ పూజ ప్రధానంగా లాటిన్‌లోనే జరిగేది. 1963 డిసెంబరు 4న రెండో వాటికన్ మహాసభ ఆరాధన మీద ఇచ్చిన పత్రం తలుపులు తెరిచింది. పూజ జనం భాషలోకి వచ్చింది. జనం చూస్తూ కూర్చోకుండా నిండు మనసుతో పాలుపంచుకోవాలన్నది ఆ పత్రం సారాంశం. తెలుగులో పాటలు పుట్టాయి, హార్మోనియం, తబలా, డోలక్ వచ్చాయి. తర్వాత కీబోర్డులు, రిథమ్ ప్యాడ్‌లు, పెద్ద పెద్ద సౌండ్ బాక్సులు కూడా వచ్చాయి.

చిక్కు అక్కడే మొదలవుతుంది. కుర్రాళ్లు ఉత్సాహంగా కొత్త బాణీ పట్టుకొస్తారు. వాయిద్యం హోరెత్తుతుంది. పాట అదిరిపోతుంది. కానీ బల్లల మీద, చాపల మీద కూర్చున్నవాళ్లు మాత్రం నోరు మూసుకుని వింటుంటారు. అందుకే గాయక బృందానికి తర్ఫీదు ఇచ్చేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మూడో వరసలో కూర్చున్న అవ్వ పెదవి కదిలిందా, లేదా?

ముందు చిన్న మాటలు

1967 మార్చి 5న వాటికన్ నుంచి ఆరాధన సంగీతం మీద ఒక సూచనల పత్రం వెలువడింది. అందులో పాటలకు ఒక వరస ఉంది. గాయకులు తొలిసారి చదివితే ఆశ్చర్యపోతారు. మొదటి మెట్టు మీద ఉన్నవి పెద్ద పాటలు కావు. ఫాదర్ పలకరింపుకు జనం పాడే బదులు, ఆమెన్, ‘పరిశుద్ధుడు’ అనే స్తుతి, ప్రభువు నేర్పిన ప్రార్థన... ఇలాంటి చిన్న చిన్నవి. దయ చూపమని వేడుకునే పాట, మహిమ గీతం లాంటివి రెండో మెట్టు. ప్రవేశ గీతం, సత్‌ప్రసాద గీతం వంటివి మూడో మెట్టు.

మామూలుగా బృందాలు తలకిందులుగా మొదలుపెడతాయి. ప్రవేశ గీతం కోసం వారమంతా సాధన చేస్తాయి. ‘ఆమెన్’ సంగతి ఎవరికీ పట్టదు. కానీ ఆమెన్ ఊరందరిదీ. రెండు స్వరాల ఆమెన్‌ను అందరూ ఒక్క గొంతుతో పాడగలిగితే మిగతా పాటలకు దారి దొరికినట్టే. ఇంటికి పునాది లాంటిదన్నమాట.

తర్వాతి పాఠం కళ్లకు. అవును, గాయకులు చెవులతో పాటు కళ్లూ తెరుచుకుని ఉండాలి. ప్రవేశ గీతం ఉన్నది ఫాదర్ పీఠం దగ్గరికి నడిచి వచ్చే ఊరేగింపు కోసం. ఆయన వచ్చి తన స్థానంలో నిలబడ్డాక ‘ఇంకో రెండు చరణాలున్నాయి’ అంటే కుదరదు. ఫాదర్ సత్‌ప్రసాదం తీసుకునేటప్పుడే సత్‌ప్రసాద గీతం ఎత్తుకోవాలి. ఆ తర్వాత కాసేపు మౌనం. ఆ మౌనాన్ని కూడా బృందమే కాపాడాలి. కీబోర్డు మీద వేళ్లు కదలకుండా నిమిషం కూర్చోవడం కుర్రాళ్లకు అన్నిటికన్నా కష్టమైన పాఠం!

శ్రుతి ఎవరి కోసం?

బైబిలు మొదటి పఠనం తర్వాత వచ్చేది భక్తి కీర్తన. ఒకరు పల్లవి పాడి వినిపిస్తారు. జనం తిరిగి పాడతారు. గాయకుడు చరణం పాడతాడు, జనం మళ్లీ పల్లవి అందుకుంటారు. వింటుంటే భజన గోష్ఠి గుర్తొస్తే తప్పు లేదు. ప్రార్థనలు వేరైనా పాడించే పద్ధతి ఒకటే. రామదాసు ఊళ్లో పెరిగిన పిల్లలకు ఇది కొత్తగా నేర్పక్కర్లేదు, గుర్తుచేస్తే చాలు.

కాకపోతే కొన్ని మెలకువలున్నాయి. పల్లవి పొట్టిగా ఉండాలి. ఒక్కసారి వింటే పట్టుబడాలి. పల్లవి ముందు చేయి పైకెత్తి సైగ చేయాలి. జనం అందుకోగానే గాయకుడు మైకుకు కాస్త వెనక్కి జరగాలి. చరణంలో మాట స్పష్టంగా వినపడాలి కాబట్టి తాళం తగ్గాలి.

ఇక శ్రుతి. మగవాళ్లకు ఒకటి, ఒకటిన్నర శ్రుతి హాయిగా ఉంటుంది. ఆడవాళ్లు చాలామంది ఐదు, ఐదున్నర దగ్గర పాడతారు. చర్చిలో ఇద్దరూ కలిసి పాడాలి, పిల్లలూ ముసలివాళ్లూ కూడా. బృందంలో బాగా పాడే అమ్మాయి తన గొంతుకు తగ్గట్టు శ్రుతి పెట్టుకుంటే రెండో చరణానికల్లా జనం చేతులెత్తేస్తారు. పాటలో అన్నిటికన్నా పై స్వరం ఏదో చూసుకుని, అది మామూలు గొంతుకు అందేలా శ్రుతి దించాలి. తన గొంతు మెరుపు కాస్త తగ్గినా ఫర్వాలేదనుకోవడం... అది సంగీతం కంటే పెద్ద పాఠం.

డోలు లోపలికి వస్తుందా?

ఈ ప్రాంతంలో మరో ప్రశ్న భాషది. 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఛత్తీస్‌గఢ్ కూడా దగ్గరే. 2005 తర్వాత అటు నుంచి వలస వచ్చిన గుత్తికోయల గూడేలు ఈ అడవుల్లో ఎన్నో. తెలుగు పాట అందరికీ ఒకేలా అందదు.

ఈ ప్రశ్న ఇప్పటిది కాదు. 1860 ప్రాంతంలో గోదావరి ఆనకట్ట పనుల మీద దుమ్ముగూడెం వచ్చిన ఇంజనీరు హేగ్ చొరవతో అక్కడ ఒక ప్రొటెస్టెంట్ మిషన్ మొదలైంది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ కోయ భాష నేర్చుకుని ఇక్కడి జనజీవనం గురించి వ్యాసాలు రాశాడు. దేవుడి మాటైనా సొంత భాషలో చెబితేనే గూడెం మనసుకు తాకుతుందని అప్పుడే అర్థమైంది.

క్యాథలిక్ సభ కూడా 1963 పత్రంలో ఇదే చెప్పింది. సొంత సంగీత సంప్రదాయం ఉన్న జనాల మధ్య ఆ సంగీతానికి తగిన గౌరవం ఇవ్వాలని. అలాగని కోయ డోలును తెచ్చి చర్చిలో మోగిస్తే పని అయిపోదు. అది వేల్పుల కొలుపులో, వంశ చరిత్ర పాడటంలో మోగే వాద్యం. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలు మీద సమ్మక్క సారలమ్మల కథతో సహా ఎన్నో కథలు పాడేవారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో కన్నుమూశారు. అంత బరువైన వాద్యాన్ని ఎక్కడ మోగించాలో, ఎక్కడ మోగించకూడదో గూడెం పెద్దల్ని అడగకుండా బయటివాళ్లు తేల్చేది కాదు. పల్లవి వరకైనా కోయ మాటల్లో ఉంటే మాత్రం మూడో వరసలో అవ్వ నోరు విప్పుతుంది.

చీకట్లో పరీక్ష

ఈ సీమలో చైత్రం రెండు పండుగలను దగ్గర చేస్తుంది. 2023లో మార్చి 30న శ్రీరామనవమి. మూడు రోజులకే, ఏప్రిల్ 2న క్రైస్తవుల మ్రానికొమ్మల ఆదివారం. భద్రాచలం రోడ్ల మీద ముత్యాల తలంబ్రాల సందడి ఇంకా తగ్గకముందే పవిత్ర వారం మొదలైందన్నమాట.

అంతకుముందు తపస్కాలంలో బృందం చాలా వదులుకోవాలి. అల్లెలూయ ఉండదు. ఆదివారాల్లో మహిమ గీతం ఉండదు. పాటకు ఆసరాగా తప్ప వాయిద్యం మోగకూడదు. ఆ ఉపవాసం అంతా ఈస్టర్ ముందు రాత్రి ముగుస్తుంది. చీకట్లో ఒక్క పెద్ద కొవ్వొత్తి వెలుగుతుంది. పాస్కా ప్రకటన గీతం చాలా పొడుగు. ఫాదర్ పాడలేకపోతే తర్ఫీదు పొందిన గాయకుడు పాడొచ్చు. పాత నిబంధన నుంచి 7 పఠనాలు, ఒక్కోదాని వెంట ఒక కీర్తన. సుమారు 6 వారాలు మూగబోయిన అల్లెలూయ ఆ రాత్రి తిరిగొస్తుంది. ఏడాదంతా నేర్చుకున్నదానికి అదే పరీక్ష.

వరదొచ్చిన వారం

అంతకన్నా పెద్ద పరీక్ష గోదావరి పెడుతుంది. భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులై 16న 71.3 అడుగులు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఆ రోజు శనివారం. తెల్లారితే ఆదివారం.

అలాంటి ఆదివారం వాగులు పొంగి ఫాదర్ ఊరికి రాలేకపోతే? ఫాదర్ లేనిదే దివ్యబలిపూజ జరగదు. కానీ ప్రార్థన ఆగక్కర్లేదు. ఫాదర్ లేని ఆదివారం జనం ఎలా ప్రార్థించుకోవాలో చెబుతూ వాటికన్ ఒక మార్గదర్శిని ఇచ్చింది. అదీ 1988లోనే, ఖమ్మం మేత్రాసనం పుట్టిన ఏడాదే. నియమితులైన ఊరివాళ్లు ముందుండి బైబిలు పఠనాలు, కీర్తనలు, ప్రార్థనలు నడిపించవచ్చు. పల్లెల్లో ఆ బాధ్యత మోసే ఉపదేశులున్నారు. వాళ్ల సేవకు 2021 మే నెలలో పోప్ ఫ్రాన్సిస్ లాంఛనమైన హోదా కల్పించారు.

ఆ రోజు కరెంటు ఉండదు. కీబోర్డు పలకదు, సౌండ్ బాక్సూ పనిచేయదు. అప్పటికి మిగిలేది జనం నోట నాటుకున్న ఆ చిన్న పల్లవీ, ఆ రెండు స్వరాల ఆమెనే. బృందం అన్నాళ్లూ తన కోసమే పాడుకుని ఉంటే ఆ ఉదయం చర్చి మూగబోతుంది. జనంచేత పాడించి ఉంటే, ఎత్తుకోవడానికి ఒక్క గొంతు చాలు.

అప్పుడు మూడో వరసలో అవ్వ అందుకుంటుంది. ఆవిడ వెనక ఊరంతా!