మకుహారిలో ఆటల తిరునాళ్లు

టోక్యో స్టేషన్‌లో కేయో లైన్ ప్లాట్‌ఫాంలు మిగతా వాటికి ఎంతో దూరంగా, నేల అడుగున ఉంటాయి. నడిచి నడిచి అక్కడికి చేరేసరికి ఇంకా తెల్లవారిన తాజాదనం పోలేదు. రైల్లో సగం మంది మైహామాలో డిస్నీల్యాండ్ కోసం దిగిపోయారు. మిగిలినవాళ్లు ఎటు వెళ్తున్నారో వాళ్ల బ్యాగులకు వేలాడే బొమ్మలే చెబుతున్నాయి. మా పిన్ని కొడుకు టోక్యోలోనే ఉద్యోగం చేస్తున్నాడు. "అన్నా, ఇప్పుడే బాగా కూర్చో. కైహిన్ మకుహారిలో దిగామంటే సాయంత్రం దాకా నిలబడటమే," అన్నాడు. వాడు అన్నట్టే జరిగింది. ఆ నిలబడటమే నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చింది.

టోక్యో గేమ్ షో 1996లో మొదలైంది. చీబాలో సముద్రాన్ని పూడ్చి తెచ్చిన నేల మీద కట్టిన మకుహారి మెస్సే దాని ఇల్లు. నేను వెళ్లింది 2024లో. సెప్టెంబరు 26 నుంచి 29 దాకా నాలుగు రోజుల షో. మొదటి రెండు రోజులు వ్యాపారులకూ పత్రికలవాళ్లకూ, శని ఆదివారాలు మాలాంటి అభిమానులకు. ఆ ఏడాది మొత్తం 2,74,739 మంది వచ్చారని తర్వాత నిర్వాహకులు ప్రకటించారు. లాస్ ఏంజెలెస్‌లో ఏటా జరుగుతూ వచ్చిన ఆటల ప్రదర్శన ఈ3 అంతకు ముందు ఏడాది డిసెంబరులోనే శాశ్వతంగా మూతపడింది. ట్రైలర్లన్నీ ఫోన్లోకే వస్తుంటే ఇంత పెద్ద షెడ్లలో జనాన్ని పోగేయడం దేనికని అప్పుడు చాలామంది అడిగారు. ఆ ప్రశ్న నా మనసులోనూ ఉంది. అందుకే ఏ ట్రైలర్ ముందూ నిలబడకూడదని, చేత్తో ఆడగలిగిన వాటి దగ్గరికే వెళ్లాలని ముందే అనుకున్నాను.

లోపల మొదట తాకేది చప్పుడు. ప్రతి బూత్‌కూ ఒక వేదిక, ఒక పెద్ద తెర, ఒక మైకు. పక్కపక్కనే నాలుగు యుద్ధాలు జరుగుతున్నట్టు ఉంటుంది. 2019 తర్వాత మళ్లీ సోనీ పెద్ద బూత్‌తో వచ్చింది. మేం మాత్రం నేరుగా క్యాప్‌కామ్ వైపు నడిచాం. అక్కడ 'మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్' ఆడనిస్తున్నారు. ఆట బయటికి రావడానికి ఇంకా ఐదు నెలలుంది. వరస చివర ఒక కుర్రాడు కర్రకు కట్టిన బోర్డు పట్టుకుని నిలబడతాడు, వరస చివర ఇదే అని. కొత్తగా వచ్చినవాళ్లు అతని ముందు చేరతారు, అతను ఒకడుగు వెనక్కి జరుగుతాడు. తోపులాట లేదు. మధ్యలో దూరేవాడు లేడు. సినిమా మొదటి ఆట టికెట్ల కోసం గేటు దగ్గర నలిగి పెరిగినవాణ్ణి నేను. ఆ పద్ధతి చూసి ముచ్చటేసింది.

వరస కదలదు, కానీ ఊరికే ఉండదు. మా ముందున్న ముగ్గురూ ఒకే ఆఫీసువాళ్లు. 2004లో ఈ వేట ఆటల్లో మొదటిది వచ్చినప్పుడు వాళ్లు స్కూల్లో ఉన్నారట. ఆ తర్వాత పీఎస్‌పీ అనే చేతి ఆట యంత్రాలు పట్టుకుని ఒకే బల్ల చుట్టూ కూర్చుని కలిసి వేటాడేవాళ్లట. మావాడు అటూ ఇటూ అనువదిస్తుంటే నాకు ఇదంతా తెలిసింది. నువ్వే ఆయుధం వాడతావని వాళ్లు నన్ను అడిగారు. ఈ ఆటలో ఆయుధాలు పద్నాలుగు రకాలు. ఎవరు ఏది ఎంచుకుంటారన్నది వాళ్ల స్వభావం చెబుతుందని ఆడేవాళ్ల నమ్మకం. నేను గ్రేట్ స్వోర్డ్ అన్నాను. మనిషంత కత్తి, ఎత్తడమే కష్టం, తగిలితే మాత్రం కొండైనా కదలాలి. ముగ్గురూ తలూపారు. ఆ తర్వాత మా మధ్య అనువాదం అవసరం బాగా తగ్గింది.

మా వంతు వచ్చింది. దోషగుమ అనే ఎలుగుబంటి లాంటి జంతువు, గుంపుగా తిరుగుతుంది. వాటిలో పెద్దదాన్ని గుంపు నుంచి విడదీసి పడగొట్టాలి. ఇసుకలో సెక్రెట్ అనే పక్షిలాంటి వాహనం మీద పరుగెత్తుతూనే కత్తికి పదును పెట్టుకోవచ్చు. పాత ఆటల్లో అందుకోసం ఆగి, వంగి, ప్రాణం అరచేత పట్టుకోవాల్సి వచ్చేది. ఈ ఒక్క మార్పు ఎన్ని ట్రైలర్లు చూసినా నాకు తెలియలేదు, బొటనవేలికి తెలిసింది. జంతువు కూలినప్పుడు పక్క కుర్చీల్లో ఆ ముగ్గురూ చప్పట్లు కొట్టారు. మేమంతా అప్పటిదాకా ఒకే వేటలో ఉన్నాం.

స్క్వేర్ ఎనిక్స్ దగ్గర గాలి వేరుగా ఉంది. అక్కడ 'డ్రాగన్ క్వెస్ట్ 3'ని కొత్త రూపంలో ఆడనిస్తున్నారు. అసలు ఆట 1988 ఫిబ్రవరిలో, వారం మధ్యలో విడుదలైతే పిల్లలు బడి ఎగ్గొట్టి మరీ దుకాణాల ముందు నిలబడ్డారు. ఆ పిల్లలే ఇప్పుడు తమ పిల్లల చేయి పట్టుకుని వచ్చారు. ఆటలోని మనుషుల్నీ, రాక్షసుల్నీ, ఆ నవ్వే నీలి స్లైమ్‌నీ గీసిన అకిరా తొరియామా 2024 మార్చిలోనే కన్నుమూశాడు. సంగీతం కట్టిన కోయిచి సుగియామా 2021లోనే పోయాడు. స్పీకర్లలో ఆ పాత బాణీ మొదలవగానే ఒక తండ్రి తన కూతురికి తెర మీద ఏదో చూపిస్తూ ఆగకుండా చెబుతున్నాడు. ఆ పిల్ల శ్రద్ధగా వింటోంది. వినోదమని తేలిగ్గా తీసిపారేసే వాటికి కూడా వారసత్వం ఉంటుంది. అది కళ్లెదుట ఒక చేతి నుంచి మరో చేతికి మారుతుంటే చూశాను.

నాకూ అలాంటిదొకటి ఉంది. కొనామి బోర్డు చూడగానే 'కాంట్రా' గుర్తొచ్చింది. మా ఊళ్లో ఆ ఆట వచ్చింది నకలు డబ్బాల్లో. 1983లో నింటెండో తెచ్చిన ఫ్యామిలీ కంప్యూటర్‌ని చూసి చేసిన ఆ డబ్బాలు తొంభైల్లో మన పట్టణాల్లో ఇంటింటికీ చేరాయి. క్యాసెట్ ఊది పెడితేనే బొమ్మ వచ్చేది. ఎవరు చేశారో, ఏ దేశానిదో ఎవరికీ తెలియదు. మొదట కనబడే అక్షరాలు చదవడానికే మాకు ఇంగ్లీషు రాదు. ఆ కంపెనీ బూత్ ముందు ఇన్నేళ్లకు నిలబడితే గుండె బరువెక్కింది.

మధ్యాహ్నం తర్వాత పక్క భవనంలోని 9 నుంచి 11 హాళ్ల వైపు వెళ్లాం. ఎవరికైనా సమయం తక్కువుంటే మొదట ఇక్కడికే వెళ్లమంటాను. చిన్న చిన్న బృందాలు, ఒంటరి నిర్మాతలు తలా ఒక బల్ల, ఒక లాప్‌టాప్‌తో కూర్చునే చోటు ఇది. ఎంపిక చేసిన 80 ఆటలకు ఏటా ఉచితంగా చోటిస్తారు. మైకుల్లేవు. ఒక బల్ల దగ్గర కూర్చున్నాను. దీపం పట్టుకున్న పిల్లవాడు చీకటి మెట్లు దిగే ఆట. నా వెనక దాన్ని తయారుచేసిన మనిషి నిలబడ్డాడు, చేతిలో చిన్న నోటు పుస్తకం. మూడో మెట్ల వరస దగ్గర నేను పడిపోయాను. మళ్లీ పడ్డాను. ఆయన ఏమీ అనలేదు, పుస్తకంలో గీత పెట్టాడు. ఆ పేజీలో అలాంటి గీతలు బోలెడున్నాయి. మావాడు అడిగితే చెప్పాడు: ఎక్కడ ఎక్కువమంది పడితే అక్కడ తప్పు తనదని, ఇంటికెళ్లి ఆ మెట్లు మళ్లీ కడతానని. అడగకుండానే మనిషి ఎక్కడ తడబడతాడో చూడాలంటే ఆ మనిషి ఎదురుగా ఉండాలి. ఈ3 మూతపడ్డప్పుడు అందరూ అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఆ నోటు పుస్తకం.

మర్నాడు ఆదివారం ఆటల రూపకర్త హిదెయో కొజిమా తన 'డెత్ స్ట్రాండింగ్ 2' గురించి వేదిక మీద మాట్లాడాడు. మేం ఫోన్లో చూశాం. 2022లో 'ఆర్ఆర్ఆర్' జపాన్‌లో విడుదలైనప్పుడు రాజమౌళి ఆయన స్టూడియోకి వెళ్లారు. 2025 జూన్‌లో ఆట వచ్చాక అందులో రాజమౌళీ, ఆయన కొడుకు కార్తికేయా పాత్రలుగా కనిపించారు. ఊళ్లో వాళ్లంతా ఆ బొమ్మలు ఒకరికొకరు పంపుకున్నారు. నాకూ సంతోషమే. కానీ ఆటలు ముగిశాక పైకి పాకే పేర్ల వరసలో నేను వెతికేది వేరే పేర్లు. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ పెద్ద కార్యాలయమే ఉంది. ఎవరో కట్టే ఆటకు పరీక్షలు చేసేవాళ్లు, గోడలు గీసేవాళ్లు, కోడు రాసేవాళ్లు మనవాళ్లలో చాలామంది ఉన్నారు. మన ఇంటిపేర్లు ఆ వరసలో కనిపిస్తే ఆపి చదువుతాను.

తిరుగు రైల్లో మావాడితో అన్నాను, హైదరాబాద్‌లో గేమ్ డెవలపర్ల సమావేశాలు ఏళ్ల తరబడి జరిగాయి, అవి పనిచేసేవాళ్లకు, ఇలా పిల్లల్ని తీసుకొచ్చి ఆడించే రెండు రోజులు కూడా ఉండాలని. "ఆడించడానికి మనవాళ్ల ఆట ఉండాలి కదన్నా," అన్నాడు. పూర్తయిన ఆట అక్కర్లేదన్నాను. సగం కట్టిన మెట్లున్నా చాలు, వెనక ఆ నోటు పుస్తకం పట్టుకుని ఒకరు నిలబడితే.