మఱవని దేహము

"దెబ్బకు దయ్యము దిగు"నని మనవారి సామెత. దయ్యము మాట యెట్లున్నను, దెబ్బతోపాటు బిడ్డలోనికి దిగునది భయము. "చిన్ననాటి ముచ్చట, పెద్దయిన పిదప జ్ఞాపకమైన నుండ"దని తల్లిదండ్రులు సమాధానపడుదురు. మనస్సు మఱచినను దేహము మఱవదని నేటి వైద్యులు చెప్పుచున్నారు.

1985 ప్రాంతమున అమెరికాలోని శాండియాగో నగరమందు విన్సెంట్ ఫెలిట్టి యను వైద్యుడు స్థూలకాయులకు చికిత్స చేయించుచుండెను. బరువు చక్కగా తగ్గుచున్నవారే చికిత్స మానుట చూచి కారణ మడుగగా, వారిలో పలువురు బాల్యమున అత్యాచారమునకు గుఱియైనవారని తేలెను. పిమ్మట ఆయనయు రాబర్ట్ ఆండా యను వైద్యుడును 1995-97 నడుమ 17,000 మందికి పైగా పెద్దలను విచారించిరి. మిమ్ము కొట్టిరా? అవమానించిరా? ఇంట త్రాగుబోతులుండిరా? తల్లి దెబ్బలు తినుట చూచితిరా? తొలివిడత ఫలితములు 1998లో వెలువడినవి. ఇట్టి కష్టములు నాలుగు రకములైనను పడినవారికి, ఏవియు పడనివారికంటె, త్రాగుడు, మనోవ్యాకులత, ఆత్మహత్యాప్రయత్నము మొదలగునవి 4 మొదలు 12 రెట్లు హెచ్చుగా సంభవించు నపాయము కానవచ్చెను. గుండెజబ్బు సుమారు రెండింతలు.

ఇందులకు హేతువు దుర్గ్రాహ్యము కాదు. కుక్క తఱిమినపుడు గుండె వడిగా కొట్టుకొనును, కార్టిసాల్ అను రసము స్రవించును, రక్తమున చక్కెర పెరుగును. కుక్క పోయిన పిదప నన్నియు క్రమముగా శమించును. ఆ కుక్క ప్రతిరాత్రియు తండ్రిరూపమున ఇంటికి వచ్చుచున్నచో? పరుగునకు సిద్ధపడిన దేహమునకు విశ్రాంతి యుండదు. ఏండ్లతరబడి సాగిన యా వేగము రక్తనాళములను, రోగనిరోధకశక్తిని చెఱచును. బాధ మఱచుటకై పట్టిన సిగరెట్టును సీసాయును తక్కిన పని ముగించును.

మేము ఇరువదియేండ్లుగా బడిపంతులము. మా తరగతిలో నొక బాలుడు సోమవారమునాడు తఱచుగా కడుపునొప్పి యనుచుండెను. వాని తండ్రి మాయొద్దకు వచ్చి, "చర్మం ఒలిచినా సరే మేష్టారూ, వాణ్ణి దారిలో పెట్టండి" అనెను. అది మా వలన గాదంటిమి. "మా నాయన నన్ను కొట్టలేదా? నేను బతకలేదా?" అనుచు ఆయన జేబునుండి రక్తపోటు మాత్ర తీసి మంచినీళ్ళడిగెను. నలుబదియేండ్లైన నిండని మనిషి. ఒక్కని రోగమునుబట్టి సిద్ధాంతము చేయరాదు. రక్తపోటునకు ఉప్పు కారణము కావచ్చును, వంశము కావచ్చును. అయినను, బ్రతికి యుండుటయే పెంపకమునకు కొలత యగునా?

2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను బడిలో పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించి వేధించుటను నిషేధించినది. ఆ సెక్షను ఇంటి గడప దాటి లోనికి రాదు. అచ్చట చట్టము మీరే, చదువరులారా!

బాల్యమున గాయపడిన వారెల్లరు రోగులగుదురని కాదు. నమ్మదగిన పెద్ద యొక్కరు తోడున్నను బిడ్డ చాలవఱకు తేఱుకొనును. అమ్మమ్మ కావచ్చును, పినతండ్రి కావచ్చును, పంతులు కావచ్చును. పొరుగింట పసివాని యేడ్పు రాత్రియెల్ల వినవచ్చినపుడు "వారి యింటి సంగతి మనకేల" అని కిటికీ మూయకుడు. తలుపు తట్టుడు. అది చేతకానిచో 1098కి ఫోను చేయుడు.