డబ్బు తిరిగొచ్చే దారి

2017 చివర్లో మా ఆఫీసులో బిట్‌కాయిన్ మాట వినపడని రోజు లేదు. జనవరిలో 1,000 డాలర్ల దగ్గర ఉన్న ధర డిసెంబరుకల్లా 20,000 డాలర్ల దాకా వచ్చింది. నాకూ కొనాలనిపించింది. అయితే ధర ఇంకా ఎంత పెరుగుతుందని లెక్కలు వేసే ముందు, ఇదే వ్యాపారంలో ఒకప్పుడు అందరికన్నా పెద్దదిగా వెలిగిన సంస్థ ఎందుకు మూతపడిందో చదివాను. ఆ సంస్థ పేరు మౌంట్ గాక్స్, బిట్‌కాయిన్లు కొని అమ్ముకునే ఎక్స్ఛేంజీ. డబ్బు విషయంలో ఆ తర్వాత నేను తీసుకున్న నిర్ణయాలన్నీ ఆ చదువులోంచి పుట్టినవే.

జెడ్ మెక్‌కేలబ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 2010 జూలైలో ఆ ఎక్స్ఛేంజీని మొదలుపెట్టాడు. 2011 మార్చిలో, టోక్యోలో ఉంటున్న ఫ్రెంచి యువకుడు మార్క్ కార్పెలెస్‌కు అమ్మేశాడు. 2013 నాటికి ప్రపంచంలో జరిగే బిట్‌కాయిన్ లావాదేవీల్లో దాదాపు 70 శాతం దాని ద్వారానే సాగేవి. 2014 ఫిబ్రవరి 7న అది విత్‌డ్రాయల్స్ ఆపేసింది. అదే నెల 24న వెబ్‌సైటు మాయమైంది. 28న టోక్యో కోర్టులో దివాలా రక్షణ కోరుతూ పిటిషను పడింది. లెక్కకు దొరకనివి 8,50,000 బిట్‌కాయిన్లు, వాటిలో ఖాతాదారులవే 7,50,000. ఆ తర్వాత ఒక పాత వాలెట్‌లో 2,00,000 కాయిన్లు బయటపడ్డాయి. మిగతావి పోయినట్టే.

ఆ కాయిన్లలో చాలా భాగం ఒక్క రాత్రిలో పోలేదు. 2011 నుంచే కొద్దికొద్దిగా దొంగల పాలవుతూ వచ్చాయని తర్వాత జరిగిన పరిశీలనల్లో తేలింది. అన్నాళ్లూ ఖాతాదారుల తెరమీద మాత్రం బ్యాలెన్సు నిండుగానే కనిపించింది. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు పెట్టిన రైతు చేతిలో బాండు ఉంటుంది. లోపల సరుకు ఉన్నంతవరకే ఆ కాగితానికి విలువ. ఎక్స్ఛేంజీ తెరమీద కనిపించే అంకె కూడా అలాంటి బాండే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి మరొకటి ఉంది. 2013లో అమెరికా ప్రభుత్వం ఆ సంస్థకు చెందిన సుమారు 50 లక్షల డాలర్లను స్వాధీనం చేసుకుంది. అప్పటినుంచి ఖాతాదారులకు డాలర్లు చేతికి రావడం కష్టమైంది. డాలర్లు రాకపోతే కాయిన్లయినా కొని బయటికి పంపుకుందామని జనం ఎగబడ్డారు. దాంతో మిగతా ఎక్స్ఛేంజీలకన్నా అక్కడ బిట్‌కాయిన్ ధర ఎక్కువగా ఉండేది. చూసేవాళ్లకు అది గిరాకీలా కనిపించింది. నిజానికి అది లోపల చిక్కుకున్నవాళ్ల తొందర. కొనడం సులువుగా ఉండి, తీసుకోవడం మాత్రం ఆలస్యమవుతున్న ఏ చోటునైనా నేను ఇది చదివినప్పటినుంచి అనుమానంగానే చూస్తాను.

కొనాలా వద్దా అని నేను ఆలోచిస్తున్న సమయంలో మా ఆవిడ నన్ను ఒకటే అడిగింది: “రేపు ఆ కంపెనీ మూసేస్తే మన డబ్బు ఎవర్ని అడగాలండీ?” బ్యాంకు డిపాజిట్ విషయంలో ఈ ప్రశ్నకు జవాబుంది. బ్యాంకు మునిగినా ఒక్కో డిపాజిటరుకు కొంత మొత్తం వరకు బీమా ఉంటుంది. 2020 ఫిబ్రవరి నుంచి ఆ పరిమితి 5 లక్షల రూపాయలు. షేర్లయితే డీమ్యాట్ ఖాతాలో, ఎన్ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్ఎల్ డిపాజిటరీ దగ్గర మన పేరుమీద ఉంటాయి. క్రిప్టో ఎక్స్ఛేంజీలో ఉంచిన సొమ్ముకు ఈ రెండు రక్షణలూ లేవు. అందుకే పిల్లల చదువుకు, ఇంటి వాయిదాలకు, అత్యవసరాలకు దాచినదాన్ని ముట్టుకోలేదు. బోనసులో చిన్న భాగం మాత్రమే పెట్టాను. పెట్టిన వారంలోనే అందులో కొంత అమ్మి, డబ్బు నా బ్యాంకు ఖాతాకు వచ్చాకే మిగతాది కొన్నాను.

2018 ఏప్రిల్ 6న రిజర్వు బ్యాంకు సర్క్యులర్ వచ్చింది. క్రిప్టో వ్యాపారం చేసే సంస్థలకు సేవలు ఆపేయాలని బ్యాంకులను ఆదేశిస్తూ మూడు నెలల గడువు ఇచ్చింది. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ మన దేశంలో పేరున్న ఎక్స్ఛేంజీలు కొన్ని వ్యాపారం మానుకున్నాయి. పడిపోయిన ధర మళ్లీ పెరిగాక అమ్ముదామని చాలామంది ఆగారు. నేను ఆగలేదు. సగం అమ్మి రూపాయలు బ్యాంకులో వేసుకున్నాను. మిగతా కాయిన్లను నా సొంత వాలెట్‌కు మార్చుకున్నాను. వాలెట్‌ను తిరిగి తెరిచే పదాలను కాగితం మీద రాసి, అది ఎక్కడుందో మా ఆవిడకు చెప్పాను. లావాదేవీల స్టేట్‌మెంటు కూడా అప్పుడే దింపుకున్నాను. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. 2022 ఏప్రిల్ నుంచి ఈ లాభాల మీద 30 శాతం పన్ను వచ్చింది. మిగతా కాయిన్లు అమ్మినప్పుడు, ఎంతకు కొన్నానో చూపడానికి ఆ స్టేట్‌మెంటే ఆధారమైంది.

మౌంట్ గాక్స్ ఖాతాదారుల సంగతి ఏమైంది? దివాలా చట్టం ప్రకారం వాళ్లకు రావలసినదాన్ని 2014 నాటి ధరకు యెన్లలో లెక్కకట్టారు. తర్వాత కాయిన్ ధర ఎన్నో రెట్లు పెరగడంతో వాళ్లు పోరాడి, 2018లో కేసును, కాయిన్ల రూపంలో చెల్లింపుకు వీలుండే పునరావాస ప్రక్రియ కిందికి మార్పించుకున్నారు. 2019లో టోక్యో కోర్టు కార్పెలెస్‌ను రికార్డులు తారుమారు చేసిన నేరానికి దోషిగా తేల్చి, జైలు శిక్ష విధించి, దాని అమలును సస్పెండ్ చేసింది. సొమ్ము కాజేశాడన్న ఆరోపణను కొట్టేసింది. కాయిన్ల రూపంలో చెల్లింపులు మొదలైంది 2024 జూలైలో. పెరిగిన ధరవల్ల చేతికొచ్చిన కొంత భాగమే పాత మొత్తం విలువను దాటింది. అయినా ఆ పదేళ్లలో ఇల్లు కట్టాలనుకున్నవాడికి, వైద్యానికి డబ్బు కావలసినవాడికి ఆ సొమ్ము అక్కరకు రాలేదు. అవసరానికి అందని ఆస్తిని ఆస్తిగా లెక్కపెట్టుకోకూడదని నేను నమ్ముతాను.

క్రిప్టో కొనవద్దని నేను చెప్పడం లేదు. యాప్ అయినా, చిట్టీ అయినా, తెలిసినవాళ్లు చెప్పిన మరే పథకమైనా సరే, ఎంత వస్తుందని అడిగే ముందు నాలుగు విషయాలు అడగండి. సొమ్ము ఎవరి పేరుమీద ఉంది? ఎవరి అధీనంలో ఉంది? సంస్థ మూతపడితే ఏ చట్టం ఆదుకుంటుంది? ఈరోజు అడిగితే ఎన్ని రోజుల్లో చేతికొస్తుంది? ఇప్పటికే ఎక్కడైనా పెట్టి ఉంటే, ఈ వారమే అందులో కొంత వెనక్కి తీసి చూడండి. మీ బ్యాంకు ఖాతాలోకి డబ్బు వచ్చేదాకా ఇంకో రూపాయి పెట్టకండి.