గర్నాతాలో ఒక విద్యార్థి గది

పిల్లవాడు ఐరోపాకు చదువుకు వెళతానంటే మన ఇళ్ళలో మొట్టమొదట పుట్టే ప్రశ్న, ఖర్చు ఎంత అవుతుందని. ఆ తరువాత తల్లి గొంతు తగ్గించి అడిగే ప్రశ్న మరొకటి ఉంటుంది: అక్కడ వాడి నమాజు ఏమవుతుంది, వాడి తిండి ఏమవుతుంది? కర్నూలులో ఉన్న మా చెల్లెలు ఈ రెండూ మమ్మల్ని అడిగింది. ఆమె కుమారుడు హైదరాబాదులో సివిల్ ఇంజనీరింగు చదువుతూ ఒక సెమిస్టరు కోసం స్పెయిన్ దేశంలోని గ్రనాడా విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. "భాయ్‌జాన్, ఫోనులో వాడు అన్నీ బాగున్నాయనే అంటాడు. మీరు వెళ్ళి చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అన్నది. మే నెలలో మదరసాకు సెలవులు ఇచ్చిన తరువాత బయలుదేరి, మూడు వారాలు ఆ నగరంలో ఉండి వచ్చాము. ఆమెకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాము.

మాడ్రిడ్ నుంచి బస్సులో సుమారు ఐదు గంటల ప్రయాణం. వేగంగా వెళ్ళే రైలు ఉన్నది గానీ బస్సు చౌక. హయేన్ ప్రాంతం వచ్చేసరికి కిటికీకి రెండు వైపులా కనుచూపు మేర ఆలివ్ తోటలే. మన పల్నాడులో మిరప చేలు ఎలాగో అక్కడ జైతూను చెట్లు అలాగ. ఆ తోటలు దాటాక, మే నెలలో కూడా మంచు కప్పుకొని ఉన్న సియెర్రా నెవాడా పర్వతాల అడుగున నగరం కనబడుతుంది. జనాభా రెండు లక్షల ముప్ఫై వేలకు అటూ ఇటూ. అందులోని విశ్వవిద్యాలయంలో సుమారు అరవై వేల మంది విద్యార్థులు. నగరం మొత్తం ఒక పెద్ద హాస్టలు వలె ఉన్నదంటే అతిశయోక్తి కాదు. ఐరోపా దేశాల మధ్య విద్యార్థుల రాకపోకల కోసం 1987లో మొదలైన ఎరాస్మస్ పథకం కింద అత్యధికంగా విద్యార్థులను చేర్చుకొనే విశ్వవిద్యాలయాలలో ఇది ఒకటి. మా వాడి వంటి ఎక్స్‌ఛేంజ్ విద్యార్థి ఫీజు ఇక్కడి తన కళాశాలకే కడతాడు. అక్కడ చదివిన పాఠాల మార్కులు ఇక్కడి చదువులో కలుస్తాయి. కనుక తల్లిదండ్రుల మీద పడేది ముఖ్యంగా ప్రయాణ ఖర్చు, బ్రతుకు ఖర్చు.

ముందు లెక్క చెబుతాము. నలుగురు కుర్రవాళ్ళు పంచుకొన్న ఫ్లాటులో మా వాడి గదికి నెలకు 300 యూరోలు. కరెంటు, నీళ్ళు, ఇంటర్నెట్ వేరు. యూరో అంటే అప్పటికి తొంభై రూపాయల పైమాట. మనకు ఇది చిన్న మొత్తమేమీ కాదు గానీ మాడ్రిడ్, బార్సిలోనాలలో ఇటువంటి గదికి దీనికంటే చాలా ఎక్కువ చెల్లించాలి. కళాశాల నడిచి వెళ్ళే దూరంలో ఉన్నందువల్ల బస్సు ఖర్చు లేదు. శనగలు, మసూరు పప్పు, ఉల్లిగడ్డలు, గుడ్లు, రొట్టె చౌకగా దొరుకుతాయి. ఆలివ్ నూనె వారికి మన వేరుశనగ నూనె వంటిది. బియ్యం మాత్రం పొట్టి గింజ, ముద్ద అవుతుంది. బాస్మతి కావాలంటే మొరాకో వారి దుకాణానికి వెళ్ళాలి. హలాల్ మాంసం కూడా అక్కడే. వారానికొకసారి కోడి మాంసం తెచ్చి, భాగాలు చేసి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి, తన పేరు చీటీ అంటించి ఉంచుతాడు. ఇంటి దగ్గర నీళ్ళ గ్లాసు కూడా తల్లి చేతి నుంచి అందుకొన్న కుర్రవాడు పప్పు తాలింపు పెట్టి మాకు వడ్డించాడు. ఉప్పు కాస్త ఎక్కువైంది. ఆ సంగతి అతని తల్లికి చెప్పలేదు.

ఇక్కడ ఒక మాట వివరంగా చెప్పాలి. గ్రనాడా చౌక నగరమన్న పేరు వెనుక అక్కడి ఒక ఆచారం ఉన్నది. పానీయం ఏది అడిగినా దానితో పాటు ఒక చిన్న పళ్ళెం తినుబండారం ఉచితంగా తెచ్చి పెడతారు. దానిని తాపా అంటారు. రెండు మూడు చోట్ల కూర్చుంటే విద్యార్థికి రాత్రి భోజనం అయిపోయినట్టే. "గ్రనాడాలో డబ్బు లేకున్నా కడుపు నిండుతుంది" అని విద్యార్థులు ఒకరికొకరు చెప్పుకొనేది దీనిని గురించే. పండ్ల రసం అడిగినా ఆ పళ్ళెం వస్తుంది, నిజమే. అయితే ఆ బల్లలు మద్యం పోసే చోట ఉంటాయి, ఆ పళ్ళెంలో తరచుగా వచ్చేది పంది మాంసం. మాంసం వద్దని చెప్పినా పైన సన్నగా తరిగిన హామోన్ ముక్కలు చల్లి తెచ్చేవారు ఉన్నారు. అది ఎండబెట్టిన పంది తొడ. వారి లెక్కలో 'మాంసం' వేరు, 'హామోన్' వేరు. రెండింటినీ పేరు పెట్టి వద్దనాలి. కొన్ని మిఠాయిలలో కూడా పంది కొవ్వు కలుస్తుంది. కాబట్టి ఆ నగరం చౌకదనంలో ఒక భాగాన్ని మన పిల్లవాడు మొదటి రోజే పక్కన పెట్టవలసి ఉంటుంది. అది తీసివేసినా నగరం చౌకేనా? చౌకేనని మా సమాధానం, కానీ వంట వచ్చినవాడికే.

డబ్బు కంటే బరువైన విషయం మరొకటి ఉన్నది. ఆ బల్లల దగ్గరే స్నేహాలు కుదురుతాయి. స్పెయిన్ వారు మధ్యాహ్న భోజనం రెండు, మూడు గంటలకు, రాత్రి భోజనం తొమ్మిది, పది గంటలకు చేస్తారు. విద్యార్థుల సందడి ఆ తరువాతే మొదలవుతుంది. అక్కడికి వెళ్ళనివాడు మొదటి నెల అంతా ఒంటరివాడు. ఫిబ్రవరిలో చేరిన మా వాడికి చలి ఒకవైపు, ఈ ఒంటరితనం మరొకవైపు. సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు అది. పాత ఇళ్ళలో గది వెచ్చబెట్టే ఏర్పాటు ఉండదు. గుండ్రటి బల్ల కింద చిన్న కరెంటు కుంపటి పెట్టి, బల్ల మీది నుంచి దళసరి దుప్పటి నేల దాకా వేలాడదీసి, కాళ్ళు లోపల పెట్టుకొని కూర్చుంటారు. "మామూ, ఆ దుప్పటిలో కాళ్ళు పెట్టుకొని అమ్మకు ఫోను చేసి బాగున్నానని చెప్పేవాడిని" అన్నాడు. ఫోనులో 'బాగున్నాను' అన్న మాట వెనుక ఉన్న సంగతి మా చెల్లెలు ఊహించినదే.

అతడిని ఆ గది నుంచి బయటకు తెచ్చినది జుమా. ఆల్బైసీన్ అనే పాత ముస్లిం పేట కొండ మీద ఉన్నది. సన్నని రాతి మెట్ల సందులు, తెల్ల సున్నపు గోడలు, గోడల లోపల తోటలు. ఆ కొండ పైన 2003లో ప్రారంభమైన మస్జిద్ ఉన్నది. ఇస్లాం స్వీకరించిన స్పెయిన్ వాసులు ఇరవై ఏళ్ళకు పైగా శ్రమించి దానిని సాధించారు. దాని తోటలో నిలబడితే లోయకు ఆవల ఎదురుగా అల్‌హమ్రా కోట ఎర్రగా కనిపిస్తుంది. శుక్రవారం అక్కడ మొరాకో విద్యార్థులు, సెనెగల్ నుంచి వచ్చిన చిరు వ్యాపారులు, స్పెయిన్ పెద్దమనుషులు ఒకే సఫ్‌లో నిలిచారు. మన ఇళ్ళలో చిన్ననాటి నుంచి పడమటికి తిరిగి నమాజు చేసినవారము. అక్కడ ఖిబ్లా తూర్పు దిక్కుకు, కొంచెం దక్షిణంగా ఉంటుంది. మొదటి పూట శరీరం అలవాటు కొద్దీ మరో వైపు తిరగబోయింది. నమాజు వేళలూ అంతే. వేసవిలో జుహర్ వేళ రెండుంబావు ప్రాంతాన ప్రవేశిస్తుంది, మే మధ్యలో మగ్రిబ్ రాత్రి తొమ్మిది దాటాక. శుక్రవారం తరగతి అడ్డు వస్తే? స్పెయిన్ ప్రభుత్వం అక్కడి ఇస్లామిక్ కమిషన్‌తో 1992లో చేసుకొన్న ఒప్పందం చట్టరూపంలో ఉన్నది. శుక్రవారం ఒంటిగంటన్నర నుంచి నాలుగున్నర వరకు, కోరిన ముస్లిం విద్యార్థికి ప్రభుత్వ విద్యాసంస్థలలో తరగతి నుంచి, పరీక్ష నుంచి మినహాయింపు దాని ప్రకారం లభిస్తుంది. కోరాలి, అడగకుండా ఎవరూ ఇవ్వరు. మా వాడు ప్రొఫెసరుగారికి నాలుగు పంక్తుల మెయిల్ రాశాడు. ఆయన అతడిని గురువారం ప్రయోగశాల జట్టులోకి మార్చారు. ఆ జుమాలో పరిచయమైన ఇద్దరు మొరాకో కుర్రవాళ్ళ వంటింటిలోనే ఆ తరువాత అతని సాయంకాలాలు గడిచాయి.

మా పాదాలు మాత్రం మొదట వెతుక్కొన్నది మరొక చోటు. నగరం మధ్యలో, గ్రనాడాను జయించిన ఇసబెల్లా, ఫెర్డినాండ్‌ల సమాధులున్న ప్రార్థనాలయానికి సరిగ్గా ఎదురుగా ఒక భవనం ఉన్నది. 1349లో సుల్తాన్ మొదటి యూసుఫ్ స్థాపించిన మదరసా అది. ఈనాటికీ దానిని స్పెయిన్ భాషలో 'మద్రాసా' అనే పిలుస్తారు, ఇప్పుడు అది విశ్వవిద్యాలయపు ఆస్తి. వీధి వైపు ముఖం తరువాతి శతాబ్దాలలో మార్చినది. లోపల నమాజు గది, మిహ్రాబ్, గచ్చు మీద చెక్కిన అక్షరాలు మిగిలి ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు అరబీ వ్యాకరణం చెబుతున్న మాకు ఆ గదిలో నోట మాట రాలేదు. ఈ నగరం 1492 జనవరి 2న లొంగిపోయినప్పుడు ముస్లింల ధర్మానికి, మస్జిదులకు హాని చేయబోమని ఒప్పందం రాసుకొన్నారు. పదేళ్ళు కూడా అది నిలవలేదు. కార్డినల్ సిస్నెరోస్ కాలంలో అరబీ గ్రంథాలను రాశులు పోసి కాల్చారు. ఆ దహనం జరిగినదని చెప్పుకొనే చౌకు బీబ్ రంబ్లా, అంటే బాబుర్రమ్లా, ఇసుక ద్వారం. ఇప్పుడక్కడ పూల దుకాణాలు. 1609 నుంచి, బలవంతాన బాప్తిస్మం పొందినవారి సంతతిని కూడా దేశం నుంచి వెళ్ళగొట్టారు. ఈ విషయాలు చదివి ఆగ్రహించడం సులభం. ఆ చౌకులో కూర్చొని ఐస్‌క్రీము తింటున్న ముసలివాళ్ళను చూస్తూ ఎవరి మీద ఆగ్రహించాలో మాకు తోచలేదు.

మా వాడికి ఆ గదిలోనే కొందరి పేర్లు చెప్పాము. 'అల్‌బహ్రుల్ ముహీత్' తఫ్సీరు రాసిన అబూ హయ్యాన్ రహిమహుల్లాహ్ ఈ ఊరిలో 1256లో పుట్టి, విద్య కోసం ఊరు విడిచి, కైరోలో స్థిరపడ్డారు. 'అల్‌మువాఫఖాత్' రచయిత ఇమామ్ షాతిబీ రహిమహుల్లాహ్ ఈ ఊరిలోనే ఉండి 1388లో మరణించారు. ఢిల్లీలో ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతా తన యాత్రలు చెబుతుంటే గ్రంథస్థం చేసిన ఇబ్న్ జుజయ్ ఈ ఊరివాడే. ఊరు విడిచినవాడికీ, ఊరిలోనే ఉన్నవాడికీ ఇద్దరికీ విద్య దొరికింది. మా చెల్లెలికి ఈ మాట కొంత ఊరట కలిగించినట్టు తోచింది.

మరొక వింత ఏమంటే, పదవ తరగతి దాకా మా మదరసాలో కూర్చుని నేర్చిన అరబీ అతనికి స్పానిష్ నేర్చుకోవడంలో పనికివచ్చింది. చక్కెర అక్కడ 'అసూకర్', నూనె 'అసైతే', బియ్యం 'అర్రోస్', తలగడ 'అల్మొఆదా'. అన్నీ అరబీ నుంచి వెళ్ళినవే. మేయరును 'అల్కాల్దే' అంటారు, మన ఖాజీగారే. సుంకం వసూలు చేసే చోటు 'అదువానా'. మన దివాణానికీ దానికీ మూలం ఒకటే, దీవాన్. 'అలా జరిగితే బాగుండును' అనడానికి ప్రతి స్పెయిన్ వాడు పలికే 'ఒహలా' అనే మాటలో అల్లాహ్ నామం ఉన్నదని మా వాడు చెప్పగా, అతని ఫ్లాటులోని ఇటలీ కుర్రవాడు నమ్మక నిఘంటువు తెరిచి చూశాడట.

పంపదలచినవారి కోసం కొన్ని సంగతులు. మూడు నెలలు మించిన చదువుకు విద్యార్థి వీసా తప్పనిసరి. నెలకు 600 యూరోల చొప్పున ఖర్చు భరించగలమన్న ఆధారం చూపాలి, వైద్య బీమా ఉండాలి. చదువు ఆరు నెలలు మించేటట్టయితే దేశంలో అడుగుపెట్టిన నెలలోపు విదేశీయుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయాలి. ఈ పనులన్నీ స్పానిష్‌లోనే నడుస్తాయి. పాఠాలు కూడా చాలా వరకు ఆ భాషలోనే, ఇంగ్లీషులో చెప్పేవి కొన్నే. కళ్ళతో చూడని గదికి ఇక్కడి నుంచి డబ్బు పంపకూడదు. మా వాడి తోటి విద్యార్థి ఒకడు ఫొటోలు చూసి రెండు నెలల అద్దె ముందుగా పంపాడు. వెళ్ళి చూస్తే ఆ చిరునామాలో అటువంటి గదే లేదు. మొదటి వారం ఏదైనా చవక వసతిలో ఉండి, కాళ్ళు అరిగేలా తిరిగి గది వెతుక్కోవడమే మేలు. ఉపకార వేతనం ఆలస్యంగా చేతికి అందవచ్చు, రెండు నెలల ఖర్చు దగ్గర ఉంచుకోవాలి.

మేము తిరిగి వచ్చిన తరువాత మా వీధిలోని ఒక తండ్రి తన కుమార్తె విషయం అడగడానికి వచ్చారు. వాస్తుశిల్పం చదువుతున్న అమ్మాయి, అదే నగరానికి అవకాశం వచ్చింది. అక్కడ హిజాబ్ ధరించి తరగతికి వెళ్ళనిస్తారా అన్నది ఆయన మొదటి ప్రశ్న. విశ్వవిద్యాలయాలలో దానిని నిషేధించే జాతీయ చట్టం స్పెయిన్‌లో లేదని, కళాశాల ఆవరణలోనూ వీధులలోనూ హిజాబ్ ధరించిన మొరాకో విద్యార్థినులను మేము చూశామని చెప్పాము. అమ్మాయిలు మాత్రమే ఉండే ఫ్లాట్లు దొరుకుతాయనీ చెప్పాము. దగ్గరి బంధువు తోడు లేకుండా ఆమె అంత దూరం వెళ్ళి ఉండడం గురించి ఉలమాల అభిప్రాయాలు ఒకటి కాదు. అవి ఆయన ముందు ఉంచి, నిర్ణయం తల్లిదండ్రులు, అమ్మాయి కలిసి కూర్చొని చేసుకోవాలన్నాము. మా సొంత అభిప్రాయం అడిగారు. తల్లి రెండు వారాలు వెంట వెళ్ళి గది కుదిర్చి రాగలిగితే పంపవచ్చునన్నాము. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు. అమ్మాయి మాత్రం స్పానిష్ మొదలుపెట్టింది. ప్రతి శనివారం అసర్ తరువాత మా ఇంటికి వచ్చి, మా ఇంటావిడ పక్కన కూర్చొని, నోటు పుస్తకం తెరిచి, అందులోని మాటలలో ఏవి అరబీవో గుర్తు పెట్టిస్తున్నది. క్రిందటి వారానికి నలభై రెండు తేలాయి.