పటమటలో పాత డబ్బాకి కొత్త ఊపిరి

పటమటలో పొద్దున్నే రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. ఒకటి రైతు బజార్ దగ్గర బేరాలు. రెండోది ఆటోనగర్ వైపు నుంచి రేకుల మీద సుత్తి దెబ్బలు. మా ఇంట్లో మూడోది కూడా ఉండేది. కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ చేసే కరకర.

అది చిన్న డెస్క్‌టాప్. ఏదో ఆఫీసులో వాడి తీసేస్తే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. లావుపాటి డిక్షనరీ అంత ఉంటుంది, మానిటర్ వెనక ఇమిడిపోతుంది. మా నాన్న ఆటోనగర్‌లో నాలుగు స్పేర్ పార్ట్స్ షాపులకి లెక్కలు రాస్తారు. వాళ్ల జీఎస్టీ రిటర్నులన్నీ ఆ డబ్బాలోంచే వెళ్లాలి.

ఆ నెల 20వ తారీఖు రాత్రి. జీఎస్‌టీఆర్-3బీ వేయడానికి ఆఖరి రోజు. ఎక్సెల్, పోర్టల్ రెండూ తెరిచేసరికి డబ్బా బిగుసుకుపోయింది. రీస్టార్ట్ చేస్తే స్క్రీన్ రావడానికే ఆరు నిమిషాలు. అర్ధరాత్రి లోపు మూడు షాపులవే వెళ్లాయి. నాలుగోది మర్నాడు వేశారు. లేటు ఫీజు రోజుకి 50 రూపాయలే. కానీ పోయింది మాట. ‘ఆయన ఒక్క మాట కూడా అనలేదురా, అదే బాధగా ఉంది’ అన్నారు నాన్న.

మర్నాడు డబ్బాని బ్యాగులో వేసుకుని బెంజ్ సర్కిల్ దాకా నడిచాను. అక్కడ షేర్ ఆటో ఎక్కి గవర్నర్‌పేటలో దిగాను. మొదటి షాపులో మూత కూడా తీయలేదు. ‘దీని పని అయిపోయింది బ్రదర్, కొత్తది తీసుకోండి. 38 వేలు’ అన్నాడు. పక్క షాపులో కొత్త 8 జీబీ ర్యామ్ రేటు విని నోరు తెరిచాను. వాళ్ల తప్పేం లేదు. ఏఐ డేటా సెంటర్లు మెమొరీ చిప్పుల్ని ఎగరేసుకుపోతుండటంతో 2025 చివరి నుంచి రేట్లు మండిపోతున్నాయి. మైక్రాన్ అయితే మనలాంటి వాళ్లకి అమ్మే క్రూషియల్ బ్రాండ్‌నే ఆపేస్తున్నట్టు ఆ డిసెంబర్‌లో ప్రకటించింది.

ఉత్త చేతులతో ఇంటికొస్తే నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇది: ‘లారీ ఆగిపోతే లారీనే మారుస్తామా? ఏ పార్ట్ పోయిందో చూశావా?’

చూడలేదు. అప్పుడు కూర్చుని చూశాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ప్రాసెసర్ 20 శాతం దగ్గర హాయిగా ఉంది. మెమొరీ 93, డిస్క్ 100. ఇంజిన్ బాగానే ఉందన్నమాట. ర్యామ్ అంటే మెకానిక్ ముందున్న బల్ల, డిస్క్ అంటే గోడౌన్. మాది 4 జీబీ బల్ల. అది నిండిపోతే ప్రతి బోల్టుకీ గోడౌన్‌కి పరుగెత్తాలి. ఆ గోడౌన్ ఏమో తిరిగే పళ్లెం ఉన్న పాత హార్డ్ డిస్క్. ఇంక పని ఎక్కడ సాగుతుంది?

సాయంత్రం హైస్కూల్ రోడ్డు పక్క సందులో ఉన్న చిన్న రిపేర్ షాపుకి నాన్న కూడా వచ్చారు. షాపతను ఒక్క స్క్రూ తిప్పి మూత తీశాడు. ఇలాంటి చిన్న డబ్బాల్లో చాలావాటికి ల్యాప్‌టాప్ సైజు ర్యామే పడుతుంది. మాది డీడీఆర్4, ఒక స్లాటు ఖాళీ. డీడీఆర్3 ముక్క అందులో దూరదు, గాటు వేరే చోట ఉంటుంది. అందుకే కొనేముందు పాత ముక్క మీద ఉన్న లేబుల్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

‘ర్యామ్ పాతది వేద్దాం, ఎస్ఎస్‌డీ మాత్రం కొత్తది తీసుకోండి’ అన్నాడతను. ఎందుకన్నా అని అడిగితే నాన్నే అందుకున్నారు: ‘పాత గేర్‌బాక్స్ వేయొచ్చురా, పాత బ్రేక్ లైనర్లు వేస్తామా?’ సరిగ్గా అదే సంగతి. ఎస్ఎస్‌డీ రాసేకొద్దీ అరుగుతుంది, ర్యామ్‌కి ఆ అరుగుదల లేదు. అయినా పాత ముక్కని నమ్మేయకుండా మెమ్‌టెస్ట్86 పెట్టి రాత్రంతా పరీక్షించాం. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు.

ఎస్ఎస్‌డీ దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది. ఎం.2 స్లాటు కనిపించగానే ఏదో ఒకటి కొనేయకండి. కొన్ని స్లాట్లు ఎన్‌వీఎంఈ తీసుకోవు, కొన్ని సాటా తీసుకోవు. మేం గొడవ లేకుండా హార్డ్ డిస్క్ చోటులోనే కూర్చునే రెండున్నర అంగుళాల సాటా రకం తీసుకున్నాం. పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు అందులోకి కాపీ చేసి ఇచ్చాడు.

లెక్క ఇదీ. పాత 8 జీబీ ర్యామ్ 2,400, కొత్త 256 జీబీ ఎస్ఎస్‌డీ 2,900, పాత డిస్క్‌కి యూఎస్‌బీ కేస్ 300, కూలి 300. మొత్తం 5,900 రూపాయలు. రేట్లు వారం వారం మారుతున్నాయి కాబట్టి మీరు వెళ్లే రోజు రెండు చోట్ల అడగండి.

అన్ని డబ్బాలకీ ఇలా ఖర్చు పెట్టమని చెప్పను. మాది 8వ తరం ఐ3 కాబట్టి విండోస్ 11 తీసుకుంటుంది. అంతకన్నా పాత ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు అన్నింటికీ అధికారికంగా ఆ దారి లేదు. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అలాంటి డబ్బా మీ దగ్గరుంటే లైనక్స్ వేసుకోవడానికి సిద్ధమైతేనే డబ్బులు పెట్టండి.

ఇప్పుడు మా డబ్బా 20 సెకన్లలో తెరుచుకుంటోంది. తర్వాతి నెల నాలుగు షాపుల రిటర్నులూ 18వ తారీఖుకే వెళ్లిపోయాయి. నాలుగో షాపాయనకి నాన్నే ముందు ఫోన్ చేసి చెప్పారు.

పాత హార్డ్ డిస్క్‌ని యూఎస్‌బీ కేస్‌లో పెట్టి ప్రతి శనివారం అందులోకి బ్యాకప్ తీస్తున్నాం. నాన్న దాని మీద మార్కర్‌తో ఒక్క మాట రాశారు: ‘స్టెప్నీ’.