వదినా, మీ తమ్ముడి చేన్లో జింకలు

వదినా, ఒకసారి గోడ దగ్గరికి రా. పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించేసి రా, రెండు మాటలతో అయ్యే సంగతి కాదు. మీ తమ్ముడి బుడ్డశనగ చేన్లో మళ్లీ జింకలు పడినాయంట గదా. పాలు పోసే పిల్లోడు చెప్పినాడు. చేను చుట్టూ పాత చీరలు కట్టినా ఆగలేదంట, మొలక చిగుర్లన్నీ కొరికి పోయినాయంట. రాత్రిపూట కరెంటు తీగ లాగమని ఎవరో సలహా ఇచ్చినారని కూడా విన్నా. ఆ మాట విన్నప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు.

జింక ఇష్టమొచ్చినట్టు వచ్చిపడేది కాదు వదినా. వయసుకొక తిరుగుడు, కాలానికొక తిరుగుడు ఉండాది దానికి. అది తెలుసుకుంటే కాపలా ఎప్పుడు గట్టిగా పెట్టాల్నో, ఎప్పుడు కాస్త కన్ను మూయొచ్చో తెలుస్తుంది.

మీ తమ్ముడి చేన్లో పడేది కృష్ణజింక. మన గండికోట బండల మీద అది నిలవదు చూడు. పెన్న లోయా, ఎర్రమల గుట్టలూ దానికి పనికిరావు. కంటికి అందినంత దూరం చదునుగా ఉండాల, కుక్క వచ్చినా మనిషి వచ్చినా అల్లంత దూరాన కనపడాల. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే జంతువుకు అడ్డం లేని నేలే కోట. చుక్కల దుప్పీ, కణితీ వేరే, అవి నల్లమల నీడలో బతికేవి. ఇదేమో బయలుది. మీ పుట్టింటి పక్క కుందూ ఒడ్డు నల్లరేగళ్లూ, ఆపైన నంద్యాల, కర్నూలు బీళ్లూ దానికి సరైన తావులు. రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసమని 1988లో అభయారణ్యం పెట్టినారు గదా. గడ్డిని కాపాడితే పిట్ట కంటే జింకలకే బాగా కలిసొచ్చింది. కొద్దిగా ఉన్నవి వందలయినాయి. ఉన్నదేమో ఆరు చదరపు కిలోమీటర్ల చిల్లర. అంత చోట్లో అన్ని నోళ్లకు మేత యాడ సరిపోతుంది? చుట్టుపక్కల చేన్ల మీద పడినాయి. రైతుదీ తప్పు కాదు, జింకదీ తప్పు కాదు. బీళ్లన్నీ దున్నేసినాక వాటికి మిగిలింది చేన్లే.

ఇప్పుడు మీ తమ్ముణ్ని ఒక మాట అడుగు. మందలో కొమ్ములున్నవి ఎన్ని, ఆ కొమ్ములు ఎట్లున్నాయి అని. ఆడవాటికి మామూలుగా కొమ్ములుండవు, ఒళ్లు లేత గోధుమ రంగు, పొట్ట తెలుపు. మగపిల్ల కూడా మొదట అదే రంగులో ఉంటుంది. కొమ్ము ముందు తిన్నగా మొలుస్తుంది, రెండో ఏడుకు మెలిక పడుతుంది. మూడో ఏడు దాటితే వీపు రంగు ముదురుతుంది, కంటి చుట్టూ తెల్ల వలయం తేటగా కనపడుతుంది. మన దక్షిణాదిలో చానా మగవి నల్లగా కాకుండా ముదురు గోధుమ దగ్గరే ఆగిపోతాయి. దుప్పి కొమ్ములు రాలి మళ్లీ మొలుస్తాయి గానీ, కృష్ణజింక కొమ్ము రాలదు. అందుకే దాని వయసు దూరం నుంచే చెప్పొచ్చు.

మెలిక తిరిగీ తిరగని కొమ్ములవి గుంపుగా ఉంటే అవి తల్లి మంద వదిలిన కుర్రవి. పెద్ద మగది తన దగ్గర ఉండనీదు, తరుముతుంది. అవన్నీ ఒకటై, నిలకడ లేకుండా, కొత్త తావులు వెతుక్కుంటా తిరుగుతాయి. ముదిరిన మగది అట్ల కాదు. బీట్లో తనదని కాస్త జాగా పెట్టుకుంటుంది. ఒకే చోట పెంటికలు వేసి దిబ్బ చేస్తుంది, కంటి పక్క గ్రంథిని పుల్లకు రుద్ది వాసన పూస్తుంది, ఎండలో కూడా మేత మాని ఆడనే నిలబడుతుంది. ఇంకో మగది గీత దాటితే కొమ్ముకు కొమ్ము. అలసిపోయినాక జాగా వదిలేసి మళ్లీ మగ గుంపులో కలుస్తుంది.

ఆ పోట్లాటలకు కాలం ఉంది. ఏడాది పొడుగునా ఈనినా, ఎద ఎక్కువగా మార్చి నుంచి మే దాకా ఒకసారి, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఇంకోసారి. మోసేది ఆరు నెలలు. చేన్ల మీద పడేదానికీ ఒక కాలముంది. మనకు చిత్త, స్వాతి కార్తెల్లో శనగ పడేటప్పటికి, ముంగారు గడ్డి ముదిరి ఎండుతుంటుంది. చుట్టూ పసుపు, నడుమ లేత పచ్చని మొలక. యాడికి పోతాయి మరి? అందుకే మొలకెత్తిన తొలి వారాలే గండం. అవి పగటి జంతువులు, పొద్దున్నే ఒక మేత, సాయంత్రం ఒక మేత. మంచె మీద రాత్రంతా జాగారం చేసి తెల్లారి పండుకుంటే లాభం లేదు, తెల్లారేటప్పుడే లేచి ఉండాల. రోహిణి ఎండలకు అవి నీళ్ల దరికి చేరతాయి. వానకు రేగడి బురదయితే ఆ సన్న గిట్టలు దిగబడతాయి, గట్టి నేలకు పోతాయి. లేకుంటే కుక్కల పాలే.

మీ పెద్దోడు పెన్సిల్వేనియా నుంచి పంపిన వీడియో చూపించినావు గదా, ఇంటి వెనక తెల్లతోక జింక. ఆడా ఇదే కథ. మెడకు రేడియో పట్టీలు కట్టి చూసినారు. ఏడాదిన్నర వయసు మగవాటిలో సగానికి పైగా పుట్టిన చోటు వదిలి మైళ్ల దూరం పోతాయి. నవంబరులో ఎద వేడి మీద రోడ్డు చూసుకోకుండా దాటుతాయి, కార్ల కింద పడేది ఆ రోజుల్లోనే ఎక్కువ. వయసు ముదిరిన మగది తరచూ తనకు తెలిసిన కాస్త జాగాలోనే తిరుగుతుంది. మీవోణ్ని చీకటి పడినాక కారు నిదానంగా పోనీమని చెప్పు.

ఇంకొక సంగతి. కొత్తగా పుట్టిన పిల్లను తల్లి గడ్డిలో దాచి దూరంగా మేస్తుంటుంది. పాలకు మాత్రం వస్తుంది. పిల్ల కదలకుండా, చెవులు వాల్చి, నేలకు అంటుకుని ఉంటుంది. తల్లి వదిలేసిందనుకుని జాలితో ఇంటికి తెచ్చేవాళ్లు ఉన్నారు. అది మేలు కాదు, తల్లికి బిడ్డను దూరం చేయడం. ఆ అమెరికాలో కూడా ప్రతి వసంతంలో వన్యప్రాణి శాఖోళ్లు ముట్టుకోవద్దనే చెప్తారంట.

మీ తమ్ముడికి ఈ రోజే ఫోను చెయ్యి వదినా. కరెంటు తీగ వద్దని చెప్పు. చీకట్లో అది జింకా మనిషా అని చూడదు, పక్క చేనోడి బిడ్డ కాలు తగిలినా అంతే. కృష్ణజింక 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు, చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. కొరికిన చేను ఫోటోలు తీసి అటవీశాఖకు పంట నష్టం అర్జీ పెట్టమను. మొలక గట్టిపడేదాకా ఇంటిల్లిపాదీ వంతులేసుకుని పొద్దున్నే చేన్లో ఉండమను. గట్టు మీద గడ్డిలో పిల్ల కనపడితే మాత్రం, ముట్టుకోకుండా పక్కకు తప్పుకుని పొమ్మను.