పిల్లల పేర రాసిన కొండ

మదీనా పవిత్ర క్షేత్రం, హరం, హద్దులోకి పోకుండా బయటి దారిన ఊరు దాటి, ఉత్తరంగా అల్ ఉలా రోడ్డు ఎక్కితే ఇక మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు. ముందు పెట్రోలు, తర్వాత పాలడబ్బా, ఆపైన ఫ్లాస్కులో వేణ్నీళ్లు. చంటిపిల్ల ఉన్న కారులో సరంజామా ఈ వరసలోనే చూసుకోవాలి. మా పాపకు తొమ్మిదో నెల. సీటు బెల్టు పెట్టగానే ఏడుపు, టైర్లు కదలగానే నిద్ర.

మొదట దారంతా నల్లరాయే. ఎప్పుడో అగ్నిపర్వతాలు కక్కిన లావా గడ్డకట్టి, కనుచూపు మేర పరుచుకుని ఉంటుంది. అక్కడక్కడా మొండిగోడల రైల్వే స్టేషన్లు. డమాస్కస్ నుంచి మదీనా దాకా సుమారు 1,300 కిలోమీటర్ల హిజాజ్ రైల్వే పనులు 1900లో మొదలయ్యాయి. 1908లో రైలు మదీనా చేరింది. హజ్ యాత్రికుల కోసమని చెప్పి ఉస్మానియా సుల్తాను అబ్దుల్ హమీద్ ప్రపంచంలోని ముస్లింలందరినీ చందాలు అడిగాడు. మన హైదరాబాదులో ఆ చందాల కోసం గట్టిగా తిరిగినవారు ముల్లా అబ్దుల్ ఖయ్యూం. ఈ కూలిన గోడల్లో చార్మినార్ పక్క గల్లీల పైసలు కూడా ఉన్నాయన్నమాట. మొదటి ప్రపంచ యుద్ధంలో అరబ్బు తిరుగుబాటుదారులు, వాళ్లతో పాటు బ్రిటిష్ అధికారి లారెన్స్, ఈ పట్టాలను పదేపదే పేల్చేశారు. ఆ తర్వాత మదీనా లైను మళ్లీ కోలుకోలేదు. బువైర్ దాటాక అలాంటి ఒక గోడ నీడన కూర్చుని పాపకు ఉగ్గు పెట్టాను. రైలు రాని స్టేషన్లో దానికేం తొందర? గిన్నెడూ తింది.

కరీంనగర్ నుంచి అత్తమ్మ ఫోను అప్పుడే వచ్చింది. "పసిపిల్లను బొందలగడ్డకు తీస్కపోతరా ఎవరన్న?"

"రెండు వేల ఏండ్ల కిందియి అత్తమ్మా. ఇప్పుడు లోపట ఎవ్వరు లేరు."

"లేకుంటే ఇంక భయం. కాటుక బొట్టు పెట్టినవా?"

పెట్టాను. అరికాలికి కూడా.

అల్ ఉలా దగ్గరయ్యేసరికి నలుపు పోయి ఎర్ర ఇసుకరాతి కొండలు మొదలవుతాయి. వాటి నడుమ లోయ పొడుగునా ఖర్జూర తోటలు. ఆ పచ్చదనం అంచునే దాదాన్ అనే పురాతన రాజధాని, కొండ మీద రాతి సింహాలున్న సమాధులు. పక్కనే మట్టి ఇళ్ల పాత ఊరు. గోడకు గోడ ఆనించి కట్టిన ఆ ఇళ్లలో 1980ల దాకా జనం కాపురమున్నారు. 1326లో హజ్‌కు పోతూ ఇటు వచ్చిన ఇబ్న్ బతూతా, యాత్రికులు అదనపు సామాను ఈ ఊరివాళ్ల దగ్గర నమ్మకంగా దాచిపెట్టి పోయేవారని రాశాడు. మేమూ స్ట్రాలర్‌ను మా బస వాళ్లకు అప్పగించి పోవాల్సింది. మేం చూడవచ్చిన సమాధుల ఊరు హిజ్ర్ ఇసుకలో దాని చక్రాలు పది గజాలు కూడా తిరగలేదు. చున్నీతో పాపను గుండెకు కట్టుకుని నడిచాను.

హిజ్ర్ అల్ ఉలాకు ఇరవై కిలోమీటర్లు. మదాయిన్ సాలిహ్ అన్నా ఇదే. ఇది సమూద్ జాతి ఊరనీ, సాలిహ్ ప్రవక్త మాట వినక నాశనమైందనీ ముస్లింల విశ్వాసం. ఇక్కడ ఆగకూడదని, ఎంత దాహమైనా ఈ బావుల నీళ్లు తాగకుండా ఒకప్పుడు హజ్ బిడారులు గబగబా దాటిపోయేవి. ఇప్పటికీ రావడానికి ఇష్టపడని పెద్దవాళ్లున్నారు. ఆ సంకోచం నాకు అత్తమ్మ మాట కన్నా వింతగా ఏమీ అనిపించలేదు. 2008లో సౌదీ నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన మొదటి చోటు ఇదే.

సొంత కారు లోపలికి పోనివ్వరు, బస్సులో తిప్పుతారు. జోర్డాన్‌లోని పెట్రా కట్టిన నబాతీయులదే ఈ ఊరూ. సాంబ్రాణి బిడారుల మీద బతికిన వర్తకులు. కొండలను తొలిచి చేసిన పెద్ద సమాధులు 111 ఉన్నాయి; వాటిలో 94 చెక్కడపు ముఖాలవి. తలుపు నెత్తిన రాసి ఉన్నది చదివిస్తే, అది చావు గురించి కాదు, ఆస్తి గురించి. వహ్బు కూతురు హినత్ తన సమాధి మీద రాయించినదాని సారం ఇది: నాకూ, నా పిల్లలకూ, వాళ్ల సంతతికీ ఎప్పటికీ. అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, కౌలుకివ్వరాదు. కింద మలికు రాజు పాలనలో 21వ ఏడని తేదీ, అంటే క్రీ.శ. 60-61. పుత్రపౌత్ర పారంపర్యంగా అని మన రిజిస్ట్రారు ఆఫీసులో రాసే దస్తావేజుకూ దీనికీ తేడా ఏముంది, స్టాంపు కాగితం బదులు కొండ తప్ప? కొన్నిటి మీద ఉల్లంఘించినవారు దుషరా దేవుడికీ రాజుకూ కట్టాల్సిన జరిమానా కూడా ఉంది. పైగా రాయించినది ఆడమనిషి, తన పేరు మీద. చేతిలో ఆడపిల్లతో నిలబడి అది వింటే, చంటిపిల్లను ఇక్కడికెందుకు తెచ్చారన్న ప్రశ్నకు నాకు జవాబు దొరికింది. ఈ రాతలన్నీ పుట్టిన, పుట్టబోయే పిల్లల కోసమే.

సందర్శకులకు కథ చెప్పే రావీ, నల్ల అబాయా వేసుకున్న పడుచుపిల్ల, పాప బుగ్గ తాకి "మాషా అల్లా" అంది. ఆ మాట అనకుండా పిల్లలను మెచ్చుకోరు; దిష్టి భయం వీళ్లకూ ఉంది. సాయంత్రం ఇది చెబితే అత్తమ్మ కొంత కుదుటపడింది.

చివరి మజిలీ ఖస్ర్ అల్ ఫరీద్. ఒంటరి బండ, సుమారు 22 మీటర్ల ఎత్తు. కూజా కొడుకు లిహ్యాన్‌దని చెబుతారు. పై నుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చి ఎక్కడో ఆపేశారు. పైభాగం నున్నగా, అడుగు గరుకుగా, ఉలి దెబ్బలతో. పనివాళ్లు ఎటు నుంచి మొదలుపెట్టేవారో తెలిసేది ఈ అసంపూర్తి వల్లనే, అందుకే పూర్తయినవాటి కన్నా ఇది నాకు నచ్చింది. పాపకు మాత్రం ఆ ఇసుక నచ్చింది. పిడికిలి నిండా నోట్లోకి.

ఇక్కణ్ణుంచి పాత బిడారు దారి ఉత్తరంగా పెట్రాకు సాగుతుంది. ఈశాన్యంగా పోతే తైమా. బాబిలోనియా రాజు నబొనిడస్ రాజధాని వదిలి పదేళ్లున్న ఊరు. మావారికి అదీ చూడాలని ఉంది. సంచిలో డైపర్లు రెండే మిగిలాయి. కారు అల్ ఉలా వైపు తిప్పాం.